సొంత సంగతులు రాసి నలుగురి ముందు పెట్టాలంటే భయం, ఎలా పోగొట్టుకోవాలి?

నారాయణపేట తమ్ముడు:
అందరికీ నమస్తే. నాది నారాయణపేట దగ్గర ఒక పల్లె. అమ్మానాన్న మట్టిపనికి బొంబాయి పోయేవాళ్లు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోయారంటే మళ్లీ పీర్ల పండుగకే ఊరు చూడడం. నేను నానమ్మ దగ్గర పెరిగాను. ఆ రోజుల గురించి ఫోన్‌లో చాలా రాసి పెట్టుకున్నా. అందులో ఒకటి, అమ్మ చాలా నెలల తర్వాత ఇంటికొస్తే నేను ఆమె దగ్గరికి పోకుండా నానమ్మ వెనక దాక్కున్న సంగతి. అమ్మ నన్ను పిలవలేదు, సంచిలోంచి బిస్కెట్ పుడ తీసి గడప మీద పెట్టి, దూరం జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది, వచ్చి తీసుకుంటానేమో అని.

దీన్ని బ్లాగులో పెడదామని కూర్చుంటాను, తీరా పోస్ట్ చేసే సమయానికి చెయ్యి ఆగిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు చదివితే నాకేమీ అనిపించదు, మా ఊరివాళ్లు, చుట్టాలు చదువుతారనే టెన్షన్. ఇంటి గుట్టు రచ్చకెక్కించాడు అంటారు. అమ్మకు చదువు రాదు కానీ ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు కదా. పైగా మా మాటల్లో రాస్తే చదువురానివాడి రాత అనుకుంటారేమో అని ఇంకో బాధ. ఇలాంటివి రాసి పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలమూరు దోస్త్:
ఇంత ఆలోచన ఎందుకు తమ్మీ, పేరు మార్చి రాసెయ్. ఊరి పేరు తీసెయ్. అయిపోయింది.

మర్రిగూడ అక్క:
పేరు మారిస్తే బయటివాళ్లకు తెలియదు, నిజమే. కానీ తమ్ముడి భయం బయటివాళ్ల గురించి కాదు కదా. పీర్ల పండుగ, మేస్త్రీ, నానమ్మ, ఈ మూడు చాలు ఊళ్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అప్పుడు పేరు దాచుకుని రాశాడన్న మాట ఇంకోటి వస్తుంది.

నేను మా పెద్దమ్మ గురించి రాశాను. మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఎన్నోసార్లు చదివాం, విన్నాం, కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చినప్పుడు ఫోటోలు కూడా చూశాం. కానీ నడుము బిగుసుకుపోయిన మనిషి రాత్రి పక్కమీద ఒక వైపు నుంచి ఇంకో వైపు తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని ఎంతసేపు లాక్కుంటుందో, అది నేనెక్కడా చదవలేదు. పక్కనే పడుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు అనిపించింది.

పెట్టేముందు పెద్దమ్మకు మొత్తం చదివి వినిపించా. ఒక చోట ఆపి, అది తీసెయ్ బిడ్డా అన్నది, కోడలితో మాటామాటా వచ్చిన సంగతి అది. తీసేశాను. ఇంకో చోట, చెంబు పట్టుకుని కిందికి వంగలేను, అది రాయలేదేం అని ఆమే అడిగింది. తర్వాత చుట్టాల్లో ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు, నిజమే. కానీ పెద్దమ్మ ఒప్పుకున్నదని నాకు తెలుసు కాబట్టి వాళ్ల ముందు తల దించుకోవలసిన అవసరం రాలేదు. నువ్వు కూడా ఇంకెవరికీ చూపకముందు అమ్మకు చదివి వినిపించు. అమ్మ వద్దంటే ఆగిపో.

మహబూబ్‌నగర్ కౌన్సెలర్:
అక్క మాటకు ఒకటి కలుపుతాను. రాయడం వేరు, పదిమందికి చూపించడం వేరు. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్ట్, ఆయన సహచరురాలు కలిసి కాలేజీ పిల్లలతో వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచివేసిన సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగినదాన్నీ దానివల్ల పడ్డ బాధనూ కలిపి రాసినవాళ్లు కాలేజీ ఆస్పత్రికి వెళ్లడం మిగతావాళ్లకంటే తగ్గింది. వాళ్లు రాసింది లోకానికి చూపించడానికి కాదు. అంటే రాయడం వల్ల వచ్చే మేలు కోసం పోస్ట్ చేయాల్సిన పని లేదు.

అందుకే నేను నా దగ్గరికి వచ్చేవాళ్లను అడిగేది ఒకటే, ఎవరూ ఒక్క మంచి మాట కూడా అనకపోతే తట్టుకోగలవా అని. తట్టుకోలేను అనిపిస్తే అది ఇంకా పచ్చి గాయం, కొన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకో. రాసిన రాత్రే మాత్రం పోస్ట్ చేయకు.

వనపర్తి పెద్దాయన:
బాబూ, భాష సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు మన పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అంతమంది రాసి ఇంట్లో పెట్టుకున్నారు, బయటికి రాలేదు, అందుకే లేరనుకున్నారు. ఇక మన మాటల సంగతంటావా, బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు చెప్పిన మనిషి, అయినా మన ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని మాట్లాడుకునే మాటల్లోనే కథలు రాశారు. పుడను ప్యాకెట్ అని మార్చకు.

ఒక హెచ్చరిక మాత్రం. మేస్త్రీకి మీ నాన్న ఎంత బాకీ, ఎవరు ఎంత ఎగ్గొట్టారు లాంటివి ఉంటే తీసెయ్. అవతలి మనిషి కూడా అదే ఊళ్లో ఉన్నాడు, రేపు మీ నాన్న ఆయన ఇంటి ముందునుంచే నడవాలి. నువ్వు గడప దగ్గర నిలబడి చూసింది నీది, అది ధైర్యంగా రాయి.

నారాయణపేట తమ్ముడు:
అందరికీ చాలా థాంక్స్. బాకీ లెక్క రాసి ఉంది పెద్దాయనా, తీసేస్తున్నా. అమ్మకు చదివి వినిపించాలంటే పోస్ట్ చేయడంకన్నా ఎక్కువ భయంగా ఉంది కానీ, ఈ ఆదివారం ఊరికి పోతున్నా, అడుగుతా. ఒక చిన్న డౌట్, అమ్మ సరే అంటే మొదట కొద్దిమందికే కనిపించేలా పెట్టొచ్చా? కామెంట్లు వద్దనుకుంటే?

మర్రిగూడ అక్క:
పెట్టొచ్చు. బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్‌లో, నువ్వు ఈమెయిల్ ఇచ్చి పిలిచినవాళ్లే చదివేలా పెట్టుకోవచ్చు, కామెంట్లు కూడా ఆపేయొచ్చు. కానీ ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పంపొచ్చు, అందుకని అది ఊరంతా చూసినా సరేననుకున్నాకే పెట్టు. మొదట ఇద్దరు ముగ్గురికి పంపు తమ్మీ, వాళ్లలో ఒకరు మీ ఊరివాళ్లు అయితే మంచిది. కామెంట్లు ఆపినా ఫోన్లు ఆగవు, మీ చిన్నాన్నో మేనమామో తప్పకుండా చేస్తారు. అమ్మకు చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే పెట్టానని ముందే చెప్పెయ్.