సరయెవోలో ఒక్క రోజు: టన్నెల్ ముందా, గుట్ట ముందా?

నార్కట్‌పల్లి చౌరస్తా:
జూన్‌ల అమ్మను, బాపును తీస్కొని వియన్నా నుంచి బోస్నియా రాజధాని సరయెవో పోదామనుకుంటున్నం. పొద్దుగాల 8 నుంచి రాత్రి 9 దాకానే టైమ్. యుద్ధం నాటి టన్నెల్ మ్యూజియం, ట్రెబెవిచ్ గుట్ట కేబుల్ కారు, పాత బజారు, మూడూ అయితయా? బాపుకు మోకాళ్ల నొప్పులు, అమ్మ మాంసం ముట్టదు.

పాలమూరు పటం:
అయితయి, వరుస తప్పకుంటే. మన నల్లగొండ కాపురాల గుట్టకు, లతీఫ్ సాహెబ్ గుట్టకు నడుమ ఉన్నట్టు ఈ ఊరు కూడా గుట్టల నడుమనే. కాకపోతే చుట్టూ గుట్టలే, ఊరేమో మిల్యాట్స్కా ఏరు వెంట తూర్పు పడమరలుగ పొడుగ్గ సాగింది. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు, బోస్నియా యుద్ధంల సెర్బు సేనలు ఊరిని ముట్టడిస్తే ఆ గుట్టల మీదికెళ్లే గుండ్లు కురిసినయి.

పాత బజారు తూర్పు కొసకు, టన్నెల్ పడమటి కొసకు. అందుకే ముందు టన్నెల్ చూసుకొని వెనక్కి రండ్రి. పాత బజారు బాష్చర్షియాల 3వ నంబరు ట్రామ్ ఎక్కి ఆఖరి స్టాపు ఇలిజాల దిగాలె. టికెట్ కొంటే సరిపోదు, లోపలి మిషన్‌ల కొట్టాలె. కొట్టని టికెట్ లేనట్టే లెక్క, ఫైన్ పడ్తది. ఇలిజా నుంచి మూడు కిలోమీటర్లు ట్యాక్సీల పోండ్రి. బస్సు ఉంది గని దాని కోసం చూస్తే పొద్దంత ఆడనే పోతది.

ఎయిర్‌పోర్టు ఐక్యరాజ్యసమితి చేతిల ఉండె, ముట్టడిల చిక్కిన ఊరోళ్లు బయటికి పోవాలంటే రన్‌వే దాటాలె, అదంటే కాల్పులకు ఎదురుపోవుడే. అందుకే 1993ల దాని కిందికెళ్లి దాదాపు 800 మీటర్లు తవ్విన్రు. ఎత్తు 1.6 మీటర్లు, వెడల్పు మీటరే. ఇప్పుడు లోపలికి పోనిచ్చేది చిన్న ముక్కనే, అదీ వంగి నడవాలె. మోకాళ్ల నొప్పులోళ్లు అది ఇడిసిపెట్టి, టన్నెల్ మొదలయ్యే ఇంటి గోడ మీది గుండు దెబ్బలు, వీడియో చూస్తే చాలు.

దేవరకొండ దారి:
అందరు దారి చెప్తున్నరు గని, అమ్మాబాపుల షెంగెన్ వీసా (యూరప్‌ల చాన దేశాలకు కలిపి ఇచ్చే వీసా) సింగిల్ ఎంట్రీనా, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చేదా? అయితే టికెట్లు బుక్ చెయ్యకుండ్రి. బోస్నియా షెంగెన్ల లేదు, ఆడికి పోతే మళ్ల వియన్నాకు రానియ్యరు. మల్టిపుల్ అయినా బోస్నియా ఎంబసీ పేజీల నియమం ఒకసారి చూసుకోండ్రి. యూరప్ సిమ్ రోమింగ్ కూడా ఆడ లెక్కకు రాదు, డేటా ఆన్‌ల ఉంటే బిల్లు వాచిపోతది. బోస్నియా పైసలను మార్కులంటరు, అవి నగదుగ పెట్టుకోండ్రి, యూరోకు 1.95583 మార్కులు, రేటు మారదు.

పాలమూరు పటం:
వీసా సంగతి నేను మర్చిన, అదే ముందు.

హాలియా హల్వా:
అమ్మగారికి: ఆడ బురెక్ (పల్చటి పిండి పొరల నడుమ కూరి కాల్చేది) అంటే మాంసందే. "వెజ్ బురెక్" అని అడగొద్దు. చీజ్‌ది సిర్నిట్సా, పాలకూరది జెల్యానిట్సా, ఆలుగడ్డది క్రోంపిరూషా, ఈ పేర్లతోనే అడగాలె. కత్తి, పళ్లెం వేరే ఉంటయని మాత్రం అనుకోవద్దు. అంత పట్టింపు ఉంటే రొట్టె, పండ్లే నయం. బజారు నల్లాల నీళ్లు తాగొచ్చు.

మధ్యాహ్నం మార్కలే సంత. 1994 ఫిబ్రవరి 5న ఒక్క గుండుకు 68 మంది పోయిన జాగా. ఇప్పటికీ కూరగాయలు అమ్ముతరు, వెనక గోడకు పేర్లు. నడిచేటప్పుడు నేల చూడండ్రి. మోర్టార్ గుండు ఏటవాలుగ పడ్తది, నడుమ గుంట, ఒక పక్కకే ఎక్కువగ చిమ్మిన గీతలు. ఆ గుంటల ఎర్ర రెసిన్ పోసిన్రు, సరయెవో రోజాలంటరు. కేథడ్రల్ ముంగట ఒకటుంది. రోడ్డు మళ్ల వేసినకాడల్లా ఇవి పోతున్నయి.

దేవరకొండ దారి:
కేబుల్ కారు సాయంత్రానికి పెట్టుకోండ్రి, కింది స్టేషన్‌కు ఏరు దాటి ఎగువకు నడవాలె, బాపుకు ట్యాక్సీ మాట్లాడండ్రి. పైన 1984 ఒలింపిక్స్ బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండ్ల పందెం) కాలువ ఉంది, యుద్ధంల అదే ఫిరంగుల అడ్డా. మీదికెళ్లి ఊరు అరచేతిల కనబడ్తది, ముట్టడి ఎట్ల సాగిందో అప్పుడు సమజైతది. బాట దిగి చెట్లలోకి మాత్రం పోవద్దు, ఈ దేశంల మందుపాతరలు ఇంకా పూర్తిగ తియ్యలే. ఎర్ర బోర్డు మీద పుర్రె బొమ్మ కనబడితే వచ్చిన అడుగులలోనే వెనక్కి రావాలె. గాలి ఎక్కువైతే కేబుల్ ఆపుతరు, కింది నుంచే అడిగి ఎక్కండ్రి.

నార్కట్‌పల్లి చౌరస్తా:
వీసా తీసి చూసిన, సింగిలే. తారీకు మార్చి మల్టిపుల్‌కు పెడ్తం.