సైబర్‌ట్రక్ కొని వేలంలో అమ్మితే లాభమేనా?

ప్రశ్న (హనుమకొండ): డాలస్‌లో హెచ్-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, టెస్లా కంపెనీ కరెంటు పికప్ ట్రక్కు సైబర్‌ట్రక్ కొని ఆన్‌లైన్ వేలంలో అమ్మితే రెట్టింపు వస్తుందంటూ నన్ను పది లక్షలు సర్దమంటున్నాడు. ఇది నమ్మదగిన బేరమేనా?

జవాబు (కరీంనగర్): ఆ మాట 2024 ఆరంభంలో చెల్లేది. 2023 నవంబరు 30న డెలివరీలు మొదలైనప్పుడు బండ్లు కొద్ది, ఎదురుచూసేవారు ఎక్కువ కావడంతో, దాదాపు లక్ష డాలర్ల ఫౌండేషన్ సిరీస్ (మొదట్లో వచ్చిన ప్రత్యేక రకం) బండి వేలంలో రెండు లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. కొన్నవారు ఏడాదిలోపు అమ్మితే వారి నుంచి 50,000 డాలర్లు రాబట్టుకునే నిబంధనను కంపెనీ అప్పట్లో ఒప్పందంలో చేర్చింది. ఉత్పత్తి పెరిగాక సంగతి మారిపోయింది. సుమారు 6,000 మైళ్లు తిరిగిన అదే రకం బండిని 2025లో కంపెనీ తిరిగి తీసుకునేందుకు చెప్పిన ధర 65,400 డాలర్లు. కోల్డ్ స్టోరేజీల్లోని మిర్చి అంతా ఒకేరోజు ఎనుమాముల మార్కెట్‌కు దిగితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

జవాబు (వరంగల్): ధర కన్నా ముందు వీసా చూడండి. హెచ్-1బీ ఉన్నవారు తమకు ఆ వీసా ఇప్పించిన యజమాని వద్దే పని చేయాలి కనుక, లాభం కోసం బండ్లు కొని అమ్మడం అనుమతి లేని వ్యాపారంగా లెక్కకు వస్తే కొలువుకే ఎసరు.

ప్రశ్న అడిగినవారు: వీసా మాట వాడు ఎత్తనే లేదు. అక్కడి లాయరును అడిగి చెప్పేదాకా రూపాయి కూడా పంపనని ఈ రాత్రే ఫోన్ చేసి చెబుతాను.