అప్‌డేట్: కుక్కతో క్యాంపర్ వ్యాన్‌లో అరకు వెళ్లొచ్చాం

కారెక్కితే వాంతి చేసుకునే మా కుక్క చిట్టిని అద్దె క్యాంపర్ వ్యాన్‌లో (పడుకోవడానికి, వంటకు ఏర్పాట్లున్న బండి) అరకు తీసుకెళ్లొచ్చా అని పోయిన నెల అడిగాను. నలుగురు స్నేహితులం, చిట్టితో సహా మొన్న ఆదివారం క్షేమంగా హైదరాబాద్ చేరాం. సమాధానం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

విజయవాడ, రాజమండ్రి మీదుగా హైవే అంతా హాయిగా గడిచింది. బయల్దేరడానికి మూడు గంటల ముందే తిండి పెట్టడం, మధ్యమధ్యలో దింపి నడిపించడం బాగా పనిచేసింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే ఒక్కసారి కక్కింది. అంతకుముందు చొంగ తీగలా కారింది, పదే పదే మూతి నాక్కుంది. ఇకపై ఆ గుర్తులు కనిపిస్తే వెంటనే బండి ఆపించేస్తా. అనంతగిరిలో మిరియాల తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో పడుకుని తేరుకుంది.

అసలు టెన్షన్ దిగేటప్పుడు. బండి నడిపిన మా ఫ్రెండ్ బ్రేక్ మీదే కాలుంచి దించాడు. కాసేపటికి కాలిన వాసన, బ్రేక్ పెడల్ మెత్తబడింది, అంటే బ్రేకులు వేడెక్కి సరిగా పట్టడం లేదన్నమాట. పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ముప్పావు గంట చల్లారనిచ్చాం. ఎక్కిన గేర్‌లోనే దిగమని మీలో ఒకరు ముందే చెప్పారు. నేనే వాడికి గట్టిగా చెప్పలేదు, తప్పు నాది. ఆ తర్వాత రెండో గేర్‌లో నెమ్మదిగా దిగాం. మంచాలు, వంట సామాను, నీళ్ల ట్యాంకు ఉన్న బండి కారుకన్నా చాలా బరువు. దయచేసి ఇది మర్చిపోకండి.

బొర్రా గుహలకు ఇద్దరిద్దరం వంతులవారీగా వెళ్లాం, చిట్టిని బండిలో ఒంటరిగా వదల్లేదు. ఇంటికొచ్చాక దాని కాలివేళ్ల సందుల్లో రెండు పిడుదులు కనిపించాయి. డాక్టర్‌కు చూపించి మందు వేయించాం.