90 డిగ్రీల బెండ్‌కి పైపు ఎంత కొయ్యాలి? లెక్క కుదరట్లేదు

ఐటీఐ ట్రైనీ:
15 మి.మీ. రాగి పైపు, చేతి బెండర్. ఒక సైడు 300, ఇంకో సైడు 200 రావాలి, రెండూ సెంటర్ లైన్ (పైపు మధ్య గీత) కొలతలే. 500 కోసి వంచితే 300 సరిపోతోంది, రెండో సైడు 226 వస్తోంది. ఆ 26 ఎక్కడిది? ఇంకోటి, బీమ్ దాటించడానికి రెండు వంపులతో పైపుని పక్కకి జరిపే ఆఫ్‌సెట్‌కి 1.414తో గుణించమంటున్నారు. దేన్ని గుణించాలి?

రాగి పని:
పైపు మూల దాకా వెళ్లి తిరగదు తమ్ముడూ, మూలకి ముందే గుండ్రంగా తిరిగిపోతుంది. అందుకే మిగులుతుంది. 90 డిగ్రీల వంపులో పట్టే పైపు = వంపు రేడియస్ × 1.57. మిగులు = రేడియస్ × (2 − 1.57), కాబట్టి నీ 26ని బట్టి చూస్తే రేడియస్ 60 అయి ఉండాలి, అంటే వంపుకి 94 మి.మీ. రెండు సైడుల నుంచీ 60 చొప్పున తీసెయ్, 94 కలుపు: 300 + 200 − 120 + 94 = 474. అంతే కొయ్యి.

మార్కు కూడా ఇందులోంచే వస్తుంది. చివర నుంచి 240 దగ్గర వంపు మొదలు, 334 దగ్గర ఆఖరు. మిగిలిన 140కి 60 కలిపితే నీ 200. 240 మార్కుని బెండర్ సున్నా గీత మీద పెట్టు.

రేడియస్ అంటే పైపు సెంటర్ వరకే. బెండర్‌లో పైపు కూర్చునే గాడి అడుగు వరకు కొలిస్తే 7.5 తక్కువ చూపిస్తుంది. అనుమానమైతే 300 తునక ఒకటి 90కి వంచి రెండు సైడులూ సెంటర్ లైన్‌కి కొలిచి కూడు. 300 దాటి ఎంత వస్తే అది ఆ బెండర్ ఇచ్చే మిగులు. గోడ మీద రాసి పెట్టుకో, ఆ సైజుకి మళ్లీ లెక్క అక్కర్లేదు.

ఫిట్టర్ మేస్త్రి:
ఆఫ్‌సెట్ సంగతి. పైపు సెంటర్ ఎంత పక్కకి జరగాలో దాన్ని గుణించాలి, బీమ్ మందాన్ని కాదు. 45 డిగ్రీలకి 1.414, 30కి 2, 60కి 1.155. 150 జరగాలంటే 45లో 212, అది రెండు వంపుల మూలల మధ్య ఏటవాలు దూరం. 45 దగ్గర మిగులు ఒక్కో వంపుకి 2.6 మి.మీ.లే కాబట్టి మామూలు పనికి వదిలెయ్యొచ్చు. 90కి మాత్రం వదలకూడదు.

పక్కకీ పైకీ రెండూ జరగాలంటే ముందు అసలు జరుగుడు తియ్యాలి: 300, 400 అయితే 500. అప్పుడు ఏటవాలు 707.

మొదటి వంపుకి ముందే పైపు పొడవునా మార్కర్‌తో ఒక గీత గియ్యి. రెండో వంపుకి పైపు తిప్పినప్పుడు ఆ గీత కాస్త పక్కకి పోయిందా, ఆఫ్‌సెట్ మెలిపడి గోడకి ఆనదు. ఎంత బాగా కొలిచినా అప్పుడు ఆ ముక్క పనికిరాదు.

రాగి పని:
వంపు లోపలి వైపు ముడతలు పడుతుంటే రోలర్ వదులుగా ఉందన్నమాట, లేదా ఆ సైజు గాడి కాదు. మరీ బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది. వదలగానే రెండు మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది కాబట్టి 92 దాకా లాగి మూలమట్టంతో చూసుకో.

ఐటీఐ ట్రైనీ:
థాంక్స్ అన్నా. గోడ నుంచి పైపు వీపు వరకు కొలత ఇస్తే?

ఫిట్టర్ మేస్త్రి:
బయటి వ్యాసంలో సగం, అంటే 7.5 తీసేసి సెంటర్‌కి మార్చుకో, తర్వాత అదే లెక్క.

సైట్ సూపర్‌వైజర్:
ఇక్కడ ఇళ్లలో ఎక్కువగా సీపీవీసీ ప్లాస్టిక్ పైపే కదా. దాన్ని వేడి చేసి వంచొద్దు, మూల తిప్పే ఎల్బో ఫిట్టింగులే వెయ్యాలి. ఎల్బో సెంటర్ నుంచి మూతి వరకు కొలిచి, పైపు లోపలికి దిగే లోతు తీసెయ్. ఉదాహరణకి 25 − 18 = 7. సెంటర్ టు సెంటర్ 600 కావాలంటే రెండు పక్కలా 7 తీసి 586 కొయ్యాలి. కంపెనీని బట్టి ఎల్బో మారుతుంది, చేతిలో ఉన్నదాన్నే కొలవాలి. సొల్యూషన్ (అతికించే జిగురు) లేకుండా గుచ్చి చూసి కొలవొద్దు. పొడిగా సగం దాకే దిగుతుంది, సొల్యూషన్ రాశాక పూర్తిగా దిగి లైను పొట్టిదైపోతుంది.

జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు) కూడా వేడి చేసి వంచొద్దు. జింకు పూత పోతుంది, ఆ పొగ పీల్చకూడదు. హైడ్రాలిక్ బెండర్ మీద చల్లగా వంచేటప్పుడు వెల్డ్ గీతని వంపు బయటికో లోపలికో కాకుండా పక్కకి ఉంచాలి, లేకపోతే అక్కడే చీలుతుంది.