పెట్టె రాట్నానికి చిన్న గిలక కదురు బిగించాక నూలు మెలికలు పడుతోంది: లోపం ఎక్కడ?

పడుగుపేక (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మడిచి పెట్టుకునే పెట్టె రాట్నం మీద ఇంతకాలం 20 నంబరుకు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది) అటూఇటూగా నూలు వడుకుతున్నాను. తువ్వాళ్ళకూ దుప్పట్లకూ అది చక్కగా సరిపోయింది. ఇంకొంచెం సన్నని నూలు తీయాలన్న కోరికతో, పని కూడా వేగంగా సాగుతుందని విని, చిన్న గిలక (తాడు ఆనే చిన్న చక్రం) ఉన్న కదురును, అంటే నూలుకు పురి పెట్టే పుల్లను, విడిగా కొని ఈ మధ్యనే బిగించాను. పాత కదురు గిలక వ్యాసం 12 మిల్లీమీటర్లు, కొత్తదానిది 8. చక్రాలు, తాడు, ఏకులు (వడకడానికి చుట్టిన దూది) మాత్రం పాతవే.

ఇప్పుడు పోగు తీస్తుండగానే నూలు బిరుసెక్కిపోతోంది. చేతిని కాస్త వదులు చేస్తే చాలు, తనంతట తానే ముడుచుకుని మెలికలు పడుతోంది. మరికొన్నిసార్లు ఏకును పట్టుకున్న వేళ్ళ దగ్గరే పుటుక్కున తెగిపోతోంది. కదురు మొన కూడా పాతదానికన్నా ఎక్కువగా అదురుతున్నట్టు కనిపిస్తోంది. అలవాటైతే అదే సర్దుకుంటుందని అమ్మినవారు అన్నారు కానీ, దేనికి అలవాటు పడాలో వారు చెప్పలేదు. లోపం కదురులో ఉందా, నా చేతి తీరులో ఉందా, లేక ఈ కదురుకు వేరే రకం పత్తి కావాలా అన్నది తేల్చుకునే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

కండెచిలప:

పడుగుపేక గారూ, మీరు ఇచ్చిన కొలతలతోనే సగం సమాధానం దొరుకుతుంది. గిలక వ్యాసానికి తాడు మందాన్ని కూడా కలుపుకోవాలి. తాడు 2 మిల్లీమీటర్లు ఉందనుకుంటే పాత గిలక 14, కొత్తది 10 అవుతాయి, అంటే కదురు వేగం 1.4 రెట్లు పెరిగిందన్నమాట. పిడిని ఒక చుట్టు తిప్పినప్పుడు పాత కదురు 70 సార్లు తిరిగేదనుకుంటే కొత్తది 98 సార్లు తిరగాలి. కదురు తిరిగిన ప్రతి చుట్టూ నూలులో ఒక పురి (మెలి) అవుతుంది కాబట్టి, మీ చేయి మునుపటి వేగంతోనే ఏకును వెనక్కి లాగుతున్నంత కాలం ప్రతి అంగుళంలోనూ దాదాపు ఒకటిన్నర రెట్ల పురి చేరుతూనే ఉంటుంది.

ఎంత పురి కావాలన్నదానికి నేతపనివారు వాడే లెక్క ఒకటుంది: పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే) నూలుకైతే నంబరు వర్గమూలాన్ని సుమారు 4తో హెచ్చించాలి. ఆ ప్రకారం 20 నంబరుకు అంగుళానికి 18 పురులు, 40 నంబరుకు 25 పురులు వస్తాయి. పాత కదురు మీద పిడి చుట్టుకు సుమారు 4 అంగుళాల పోగు లాగితే 20 నంబరుకు పురి సరిపోయేది. కొత్త కదురు మీద అదే నూలు కావాలంటే చుట్టుకు దాదాపు ఐదున్నర అంగుళాలు లాగాలి. లేదా చేయి పాత అలవాటుతో 4 అంగుళాలే లాగుతూ, ఏకు నుంచి దూదిని మాత్రం సగమే వదిలితే, ఆ పురి 40 నంబరు నూలుకు సరిగ్గా అమరుతుంది. మీరు సన్నని నూలు కోసమే కదురు కొన్నారు కనుక నా ఓటు రెండో దారికే. వేగం పెరుగుతుందన్న మాట సగమే నిజం. కదురు వేగం పెరుగుతుంది, నూలు గజాల్లో అది కనబడాలంటే చేయి కూడా అంత వేగంగా నడవాలి.

రాట్నం వేగాన్ని పెంచాలన్న తాపత్రయం మనతో మొదలైనది కాదు. 1929లోనే గాంధీజీ నెలకొల్పిన అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. గిలక మార్చినంత మాత్రాన తేలే విషయమే అయితే అంత పెద్ద బహుమతి పెట్టవలసిన అవసరం ఉండేది కాదు.

తూర్పుతీరం:

లెక్క సరైనదే కానీ, అదురు సంగతి తేలకుండా చేతిని మార్చుకోమనడం తొందరపాటు. ముందు నూలు లేకుండా కదురును ఒక్కదాన్నే వేగంగా తిప్పి మొన వైపు చూడండి. మొన ఒకే చుక్కలా నిలిచి కనిపిస్తే కదురు నిటారుగా ఉన్నట్టే. మసకగా సున్నా చుట్టినట్టు కనిపిస్తే కదురు వంగింది, అది ఎంత సాధన చేసినా సర్దుకోదు, మార్చి ఇమ్మని అడగవలసిందే. మొన నిలిచే ఉండి వెనక భాగం అదురుతూ ఉంటే, కదురును పట్టి ఉంచే తోలు ముక్కల రంధ్రాలు పాత కదురు మందానికి అరిగిపోయి, కొత్తదానికి వదులై ఉంటాయి. ఆ ముక్కలు మార్చి ఒక నూనె చుక్క వేస్తే చాలు.

తాడును కూడా చూడండి. చిన్న గిలక మీద తాడు ఆనే భాగం తక్కువ కనుక జారడం ఎక్కువవుతుంది. జారి, పట్టుకుని, మళ్ళీ జారితే పోగులో ఒకచోట పురి గుట్టగా చేరి, ఇంకొకచోట పలచబడుతుంది. వేళ్ళ దగ్గర తెగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గిలక పక్కన సుద్దతో గుర్తు పెట్టి, పెద్ద చక్రాన్ని పావు చుట్టు మెల్లగా తిప్పి, కదురు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి నాలుగింతలు చేయండి. లెక్కలో వచ్చిన సంఖ్యకన్నా బాగా తగ్గితే తాడుకు కాస్త గుగ్గిలం పొడి రాసి చూడండి.

పత్తి విషయానికొస్తే, సన్నని నూలుకు పొడవు పింజ (దూదిలోని పోగు) ఉంటే సులువు. కానీ పింజ ఒక్కటే సర్వస్వం కాదు. పొందూరులో పొట్టి పింజ కొండపత్తి నుంచే, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చెత్తా నలుసులూ పోగొట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 నంబరు దాకా నూలు తీస్తున్నారు. అక్కడ గొప్పతనమంతా ఏకు తయారీలోనే ఉంది. దుకాణంలో కొన్న ఏకులో ఉండలు ఉంటే, 20 నంబరు నూలులో కలిసిపోయే ఉండ 40 నంబరు పోగును తెంపేస్తుంది. కొత్త కదురు మీద పాత ఏకులు మొరాయించడానికి నాకు తోచిన పెద్ద కారణం ఇదే.

దూరపునూలు:

నేను అమెరికాలో తొక్కుడు రాట్నం మీద ఉన్నీ వడుకుతాను, పత్తి అప్పుడప్పుడు మాత్రమే. మా రాట్నాల్లో నూలును ఫ్లయర్ (పురి పెడుతూ కండెకు చుట్టే భాగం) తానే లోపలికి లాక్కుంటుంది. పెట్టె రాట్నంలో చుట్టడం మీ చేతిలోనే ఉంది కనుక, పురి ఎక్కువైన పోగును చుట్టకముందే ఇంకాస్త సాగదీసి సరిచేసుకునే వీలు మీకుంది. దాన్ని వాడుకోండి. ఒక మూర పోగు తీశాక మధ్యలో మడిచి వదిలితే ఆ రెండు పోగులూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అవి వదులుగా, సమానంగా పెనవేసుకుంటే పురి సరిపోయినట్టు. బిగుసుకుపోయి ముడిలాగా పైకి లేస్తే ఎక్కువైనట్టు. అంగుళానికి ఎన్ని పురులో లెక్కపెట్టేకన్నా నాకు ఇదే నమ్మకం.

పడుగుపేక:

అందరికీ ధన్యవాదాలు. మొన నిలిచే ఉంది, వెనక తోలు ముక్కే వదులుగా ఉంది. మార్చాక అదురు పోయింది. పావు చుట్టుకు కదురు 22 సార్లు తిరిగింది, అంటే చుట్టుకు 88. తాడు నిజంగానే జారుతోంది. గుగ్గిలం రాశాక 24కు చేరింది. ఏకును సన్నగా చీల్చి, దూదిని తక్కువగా వదులుతూ తీస్తే పోగు తెగడం బాగా తగ్గింది. మడిచి చూస్తే ఇంకా కాస్త బిగువుగానే ఉంది. ఈ చిలపలను (నూలు చుట్టలను) పడుగుకు వాడవచ్చా?

కండెచిలప:

నిస్సంకోచంగా వాడవచ్చు. పడుగుకు కాస్త బిగువు ఉండడమే మంచిది. చిలపను నాలుగు చోట్ల వదులుగా కట్టి, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్ళలో ఓ గంటసేపు ఉడికించి, పిండి, కింద తేలికపాటి బరువు వేలాడదీసి ఆరబెట్టండి. పురి కుదుటపడి మెలికలు వేయడం మానుతుంది. పేకకు (అడ్డంగా నేసే పోగుకు) మాత్రం పాత కదురు నూలునే వాడండి, అది మెత్తగా ఉంటుంది.