ఒలింపిక్ డ్యామ్ గని కింద కనిపించే వాహకత: గ్రాఫైట్ వల్లా, సల్ఫైడ్ల వల్లా?

నమస్కారం. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ప్రాజెక్టుకు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ తీసుకున్నాను. రాగి, యురేనియం, బంగారం ఒకేచోట దొరికే ఈ నిక్షేపం వయసు దాదాపు 159 కోట్ల ఏళ్లు. మాగ్నెటోటెల్యూరిక్ కొలతల్లో (భూమి సహజ విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మార్పులను బట్టి లోపలి పొరల విద్యుత్ నిరోధకతను అంచనా వేసే పద్ధతి) దాని కింద, 15 కిలోమీటర్ల లోతు దాటాక, నిరోధకత బాగా తగ్గిన, అంటే విద్యుత్ వాహకత ఎక్కువైన మండలం ఉంది. అక్కణ్నుంచి సన్నని దారులు వేళ్లలా పైకొస్తాయి. చూసిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది!

నా చిక్కేమిటంటే, నిక్షేపాన్ని ఏర్పరచిన ఆనాటి వేడి ద్రవాలు ఇన్ని కోట్ల ఏళ్లు నిలవవు కదా. మరి ఈ వాహకత గ్రాఫైట్ వల్లా, సల్ఫైడ్ల (గంధకంతో కూడిన లోహ ఖనిజాల) వల్లా? గురుత్వ, సైస్మిక్ డేటా కలిపితే తేలుతుందా? ఇంకొకటి, ఆ వేళ్లు నిజమైనవో, ఇన్వర్షన్‌లో (కొలతల నుంచి భూగర్భ నమూనాను లెక్కగట్టే ప్రక్రియలో) పుట్టిన ఉత్త నీడలేనో ఎలా పరీక్షించాలి? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే నెలలోనే వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.