జొన్నరొట్టె, ఆకుకూర రోజూ తింటున్నా మా అత్తమ్మకు రక్తం ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న (దేవరకొండ నుంచి):

అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు 54 ఏళ్లు. గత నెలలో చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. ఆమె పొద్దున రెండు జొన్నరొట్టెలు తోటకూరతోనో పుంటికూర పప్పుతోనో తింటారు, మధ్యాహ్నం అన్నంలోకి పప్పు, పచ్చిపులుసు ఉంటాయి, మాంసం ఆదివారం మాత్రమే. రొట్టె తినగానే చాయ్ తాగనిదే ఆమెకు పొద్దు గడవదు. కడుపులో మంట అని మూడేళ్లుగా పరగడుపున గ్యాస్ గోలీ వేసుకుంటున్నారు. ఇంట్లో అందరికంటే ఆమె తిండే మంచిదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇనుము ఉన్న పదార్థాలే తింటున్నప్పుడు అది ఎక్కడికి పోతోందో ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు 1 (మహబూబ్‌నగర్, విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు):

అమ్మా, పళ్లెంలో ఉన్న ఇనుము వేరు, రక్తంలోకి చేరే ఇనుము వేరు. వంద గ్రాముల జొన్నల్లో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, తెల్లటి పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. కాబట్టి రొట్టెను తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ధాన్యాల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత తేలికగా శరీరానికి అందదు. అది ముందు జీర్ణాశయంలోని ఆమ్లంలో కరగాలి, ఆ తర్వాత చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో, అంటే జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవున్న చోట, ఎక్కువగా పీల్చుకోబడాలి. జొన్న గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు, చాయ్‌కు వగరునిచ్చే టానిన్లు అక్కడికి చేరకముందే ఇనుమును పట్టుకుని కరగని ముద్దగా మార్చేస్తాయి. భోజనంతో పాటు తాగిన చాయ్ ఇలాంటి ఇనుము గ్రహింపును సగానికి పైగా తగ్గించగలదు. అందుకే మీరు ముందుగా మార్చవలసింది రొట్టెను కాదు, చాయ్ వేళను. తిన్న తర్వాత కనీసం గంటన్నర ఆగి తాగమనండి.

శరీరం నిజంగా లోపలికి తీసుకోవలసింది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. అయినా భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాల్లో పురుషుడికి 19, ప్రసవ వయసులో ఉన్న స్త్రీకి 29 మిల్లీగ్రాములు సిఫార్సు చేసింది. మన భోజనంలోని ఇనుములో అధిక భాగం పీల్చుకోబడకుండానే బయటికి పోతుందన్న లెక్కతోనే ఆ అంకెలు అంత పెద్దవిగా ఉన్నాయి.

జవాబు 2 (నారాయణపేట నుంచి):

అక్కా, సార్ చెప్పినదానికి వంటింటి సంగతి ఒకటి కలుపుతాను. విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది, కానీ వేడికి అది చాలావరకు నశిస్తుంది. కాబట్టి పప్పు పొయ్యి మీద ఉండగా కాకుండా, దించి వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండండి. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ మీ జిల్లాలోనే ఉంది కదా. జామకాయ గానీ ఉసిరికాయ గానీ భోజనంతో పాటే తింటే ఇంకా మంచిది. మా అమ్మమ్మ కాలంలో జొన్నపిండిని రాత్రంతా పులియబెట్టి పొద్దున అంబలి కాచేవారు. పులిసేటప్పుడు ఫైటేట్లు విరుగుతాయి. పిండి కలిపిన వెంటనే కాల్చే రొట్టెలో ఆ అవకాశం ఉండదు. ఇంకొక మాట. జొన్న ఒక్కటే తింటే సరిపోదు. దక్కన్‌లో జొన్న ఎక్కువగా తినే పేదల్లో ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లగ్రా అనే పోషకాహార లోప వ్యాధిని హైదరాబాద్‌లో పోషకాహారంపై పనిచేసిన గోపాలన్, శ్రీకంటియా 1960లో వివరించి, దానికీ జొన్నలో మెండుగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ సంబంధం ఉండవచ్చన్నారు. పక్కన పప్పు, మజ్జిగ తప్పక ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

జవాబు 3 (నల్లగొండ, వైద్యురాలు):

పై ఇద్దరి మాటలూ సరైనవే, కానీ 54 ఏళ్ల వయసులో, నెలసరి ఆగిన స్త్రీకి 9.1 రావడాన్ని తిండి ఖాతాలో మాత్రమే వేయకూడదు. ఆ రక్తం పేగుల్లో ఎక్కడైనా కొద్దికొద్దిగా పోతున్నదేమో చూడాలి. ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును తెలిపేది), విటమిన్ బి12, మలంలో రక్తం పరీక్షలు చేయించండి. గ్యాస్ గోలీ సంవత్సరాల తరబడి వాడితే ఆమ్లం తగ్గి, ఇనుముతో పాటు బి12 గ్రహింపు కూడా దెబ్బతింటుంది. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ఎందుకు మొదలుపెట్టారో డాక్టర్‌కు చూపించి తెలుసుకున్న తర్వాతే నిర్ణయించండి. మన ప్రాంతంలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బతీస్తుందన్న భయంతో కొందరు కాల్షియం మాత్రలు వేసుకుంటారు. వాటినీ ఇనుము మాత్రలనూ ఒకే పూట వేసుకోవద్దు, ఒకటి రెండోదాన్ని అడ్డుకుంటుంది. ఒక ప్రశ్న: ఆమె మోకాళ్ల నొప్పులకు మాత్రలేమైనా వాడుతున్నారా? అలాంటి మాత్రలవల్ల కూడా కడుపులో రక్తం పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

డాక్టర్ గారూ, మీరు అడిగిన తర్వాతే ఆమెను అడిగాను. నాట్లు, కలుపు పనుల రోజుల్లో మోకాళ్ల నొప్పికి ఊరి మందుల దుకాణం నుంచి గోలీలు తెచ్చుకుని నాలుగేళ్లుగా వేసుకుంటున్నారట. వాటివల్లనే కడుపులో మంట వచ్చిందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ గోలీల అట్టను, గ్యాస్ గోలీల అట్టను దగ్గర పెట్టుకున్నాను. సోమవారం ఆమెను నల్లగొండకు తీసుకువెళ్లి మీరు చెప్పిన మూడు పరీక్షలూ చేయిస్తాము. చాయ్ మాత్రం ఈ రోజు నుంచే పది గంటలకు మార్చాము.